కంప్యూటరును నిద్ర లేపే పెన్‌డ్రైవు

ఇనప్పెట్టె తాళంచెవిని ఆ ఇనప్పెట్టెలోనే పెట్టి తలుపు మూసేశారనుకోండి. ఏమవుతుంది? తాళంచెవి కావాలంటే పెట్టె తెరవాలి. పెట్టె తెరవాలంటే తాళంచెవి కావాలి. ఎంతసేపు ఆలోచించినా పెట్టె మాత్రం తెరుచుకోదు.

కంప్యూటరు మీట నొక్కిన ప్రతిసారీ సరిగ్గా ఇలాంటి చిక్కే వస్తుంది. డిస్కులో ఉన్న ప్రోగ్రాములను చదివి మెమొరీలోకి తెచ్చి నడిపించడం ఆపరేటింగ్ సిస్టమ్ పని. విండోస్ ఒక ఆపరేటింగ్ సిస్టమ్. లినక్స్ మరొకటి. కాని ఆ ఆపరేటింగ్ సిస్టమ్ కూడా ఒక ప్రోగ్రామే కదా! అదీ డిస్కులోనే ఉంది. మరి దాన్ని చదివి తెచ్చేదెవరు?

ఈ చిక్కుముడి ఎలా విడిపోతుందో తెలిస్తే, పనికిరాదని మూల పడేసిన కంప్యూటరుకు మామూలు పెన్‌డ్రైవుతో మళ్ళీ ప్రాణం పోయవచ్చు. పాటలూ ఫొటోలూ మోసే పెన్‌డ్రైవు, కంప్యూటరును లేపే పెన్‌డ్రైవుగా ఎలా మారుతుందో తెలుస్తుంది. ఎక్కడ ఏమరుపాటు పనికిరాదో కూడా తెలుస్తుంది. అది తెలియకపోతే ఏళ్ళ తరబడి దాచుకున్న ఫొటోలూ పాఠాలూ కొద్ది క్షణాల్లో పోగొట్టుకోవలసి వస్తుంది.

నల్లబల్ల, పుస్తకం

కంప్యూటరులో అసలు పనివాడు ప్రాసెసరు. దానికి కావలసిన అంకెలూ ఆజ్ఞలూ ర్యామ్ అనే మెమొరీలో ఉండాలి. ర్యామ్ చాలా చురుకైనది. కాని మహా మతిమరుపుది. కరెంటు ఆగిందా, అందులో రాసినదంతా మాయం. తరగతిలో నల్లబల్ల లాంటిదన్నమాట. గంట కొట్టగానే తుడిచేస్తారు. డిస్కు పుస్తకం లాంటిది. కరెంటు ఉన్నా లేకున్నా అందులోని అక్షరాలు అలాగే ఉంటాయి. కాని ప్రాసెసరు ఈ పుస్తకాన్ని తనంత తాను చదవలేదు. ఫలానా పేజీ చదువు, చదివి నల్లబల్ల మీద రాయి అని ఎవరో ఒకరు చెప్పాలి.

మీట నొక్కిన క్షణంలో నల్లబల్ల ఖాళీ. చెప్పేవారెవరూ లేరు.

1975లో అమెరికాలో ఆల్టెయిర్ 8800 అనే చిన్న కంప్యూటరు వచ్చింది. దానికి తెర లేదు, కీబోర్డు లేదు. ముందువైపు మీటల వరుస మాత్రం ఉండేది. మీట పైకి ఉంటే 1, కిందికి ఉంటే 0. యజమాని ఒక్కొక్క ఆజ్ఞనూ ఈ మీటలతో అమర్చి మెమొరీలోకి ఎక్కించాలి. అలా చేత్తో ఎక్కించిన చిన్న ప్రోగ్రాముకు తెలిసింది ఒకే ఒక్క పని. కాగితపు టేపు మీద చిల్లుల రూపంలో ఉన్న పెద్ద ప్రోగ్రామును చదివి మెమొరీలోకి తేవడం. కరెంటు పోయిందంటే మళ్ళీ మొదటి మీట నుంచీ మొదలుపెట్టవలసిందే!

కష్టమే కాని, చిక్కుముడిని విప్పే కిటుకు ఇందులోనే ఉంది. బావి గట్టు మీద మోటారు పంపు చూశారు కదా? గొట్టంలో గాలి ఉంటే పంపు ఎంత తిరిగినా నీరు రాదు. అందుకే రైతు ముందుగా ఒకటి రెండు బిందెల నీళ్ళు పోసి గొట్టం నింపుతాడు. ఆ తర్వాత మోటారు వేస్తే బావిలో నీళ్ళన్నీ పైకి వస్తాయి. కొద్ది నీళ్ళు పోస్తే, అవి పెద్ద నీటిని లాక్కొస్తాయి. కంప్యూటరులోనూ అంతే. చిన్న ప్రోగ్రాము తనకంటే పెద్దదాన్ని తెస్తుంది. అది ఇంకా పెద్దదాన్ని తెస్తుంది.

దీనినే ఇంగ్లీషులో 'బూట్' చేయడం అంటారు. కాళ్ళకు తొడుక్కునే బూటే ఇది. బూటు వెనక పట్టీ ఉంటుంది. తన బూటు పట్టీలు తానే పట్టుకుని లాగి, తనను తానే గాలిలోకి ఎత్తుకోవడమనే మాట వారి భాషలో ఉంది. జరగని పని అని దాని అర్థం. కంప్యూటరు ఆ జరగని పనినే రోజూ చేస్తున్నది గనుక ఈ పేరు స్థిరపడింది.

512 బైట్ల గుమ్మం

రోజూ మీటలు నొక్కే బాధ ఎలా తప్పింది? కరెంటు పోయినా మరచిపోని ఒక చిప్పులో మొదటి ప్రోగ్రామును శాశ్వతంగా రాసిపెట్టారు. 1981లో ఐబీఎం సంస్థ తెచ్చిన పర్సనల్ కంప్యూటరులో ఈ ప్రోగ్రాముకు 'బయోస్' అని పేరు. అందులోని ప్రాసెసరుకు 10,48,576 గదుల మెమొరీ వరకు వెళ్ళే వీలుంది. కరెంటు రాగానే అది ఏ ఆలోచనా లేకుండా 10,48,560వ నంబరు గది దగ్గరికి పోయి అక్కడున్న ఆజ్ఞను పాటిస్తుంది. అంటే చివరికి సరిగ్గా 16 గదుల ముందు. ప్రాసెసరు తయారైనప్పుడే దానికి నేర్పిన ఒకే ఒక్క అలవాటు ఇది. ఆ గదిలో బయోస్ కాచుకుని ఉంటుంది.

బయోస్ ముందుగా మెమొరీ, కీబోర్డు, తెర సరిగా ఉన్నాయో లేదో చూస్తుంది. ఆ తర్వాత డిస్కు దగ్గరికి వెళుతుంది. డిస్కులో సమాచారమంతా చిన్న చిన్న అరలుగా ఉంటుంది. ఒక్కో అరను సెక్టరు అంటారు. అందులో 512 బైట్లు పడతాయి. బయోస్ చదివేది మొట్టమొదటి సెక్టరును మాత్రమే. ఆ 512 బైట్లలో మొదటి 446 బైట్లు ప్రోగ్రాముకు. తర్వాతి 64 బైట్లు, డిస్కులో ఏ భాగం ఎక్కడ మొదలవుతుందో చెప్పే పట్టికకు. మిగిలిన 2 బైట్లు ముద్రకు. ఆ ముద్ర ఎలా ఉంటుందో తెలుసా?

01010101 10101010

చివరి రెండు బైట్లలో ఈ గుర్తు కనబడితే, "సరే, ఇది లేపగల డిస్కే" అనుకుని బయోస్ ఆ సెక్టరును మెమొరీలో 31,744వ గది నుంచి వరుసగా పరుస్తుంది. ఆపైన ప్రాసెసరును దానికి అప్పగించి తాను తప్పుకుంటుంది. గుర్తు లేకపోతే తర్వాతి డిస్కును చూస్తుంది. ఎక్కడా దొరకకపోతే, బూట్ చేయదగిన డిస్కు లేదని తెర మీద చెప్పి ఊరుకుంటుంది.

446 బైట్లంటే ఎంత? ఇంగ్లీషులో నాలుగైదు వాక్యాలు పట్టేంత చోటు. అంత చిన్న ప్రోగ్రాము, కొన్ని వందల కోట్ల బైట్ల ఆపరేటింగ్ సిస్టమ్‌ను కదిలిస్తుంది. పంపులో పోసిన బిందెడు నీళ్ళంటే ఇవే!

ఇది పాత పద్ధతి. ఇప్పటి కంప్యూటర్లలో బయోస్ స్థానంలో 'యూఈఎఫ్ఐ' అనే పెద్ద ప్రోగ్రాము ఉంటుంది. దాని నియమాలను చూసే కంపెనీల వేదిక 2005లో ఏర్పడింది. ఇది బయోస్ కంటే చదువుకున్నది. మొదటి సెక్టరుతో సరిపెట్టుకోదు. డిస్కులో 'ఫ్యాట్' అనే పద్ధతిలో సర్దిన భాగాన్ని వెతుకుతుంది. పెన్‌డ్రైవు అయితే, ఆ భాగంలో 'ఈఎఫ్ఐ' అనే ఫోల్డరు, దాని లోపల 'బూట్' అనే ఫోల్డరు, అందులో ముందే నిర్ణయించిన పేరు గల ఫైలు ఉన్నాయా అని చూస్తుంది. ఉంటే ఆ ఫైలును నడుపుతుంది.

బయోస్ అయితే మొదటి సెక్టరు, యూఈఎఫ్ఐ అయితే ఫలానా ఫోల్డరులో ఫలానా ఫైలు. పద్ధతి మారింది కాని సూత్రం మారలేదు. కంప్యూటరు డిస్కంతా గాలించదు. ముందే ఒప్పుకున్న ఒక చోట, ముందే ఒప్పుకున్న ఒక గుర్తు కోసం చూస్తుంది. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి. మిగతాదంతా దీనిలోంచే వస్తుంది.

కాపీ చేస్తే చాలదా?

ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటే అది ఒకే ఒక పెద్ద ఫైలుగా వస్తుంది. దానిని ఐఎస్ఓ ఫైలు అంటారు. సీడీల మీద ఫైళ్ళు ఎలా సర్దాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం 1988లో వచ్చింది. దాని నంబరు ఐఎస్ఓ 9660. ఆ పేరే ఈ ఫైలుకు మిగిలిపోయింది. ఒక డిస్కులో మొదటి బైటు నుంచి చివరి బైటు వరకు ఏది ఎక్కడుండాలో అదంతా పొల్లుపోకుండా చుట్టి కట్టిన మూట ఇది.

చాలామంది ఈ ఫైలును పాటను కాపీ చేసినట్టే పెన్‌డ్రైవులోకి కాపీ చేస్తారు. పాత కంప్యూటరుకు పెట్టి మీట నొక్కుతారు. ఏమీ జరగదు. ఎందుకని?

ఇల్లు మారేవాళ్ళు సామానంతా పెట్టెల్లో సర్ది కొత్త ఇంటి నడవలో దింపారనుకోండి. సామానంతా ఇంట్లోనే ఉంది. కాని వంట మొదలవుతుందా? పెట్టె విప్పాలి. పొయ్యిని వంటింట్లో పెట్టాలి. బిందెలు కుళాయి దగ్గర ఉండాలి. ఐఎస్ఓ ఫైలును కాపీ చేయడమంటే పెట్టెను నడవలో దింపడమే. లోపల ప్రోగ్రాము ఉంది, ముద్ర కూడా ఉంది. కాని పెన్‌డ్రైవు మొదటి సెక్టరులో లేదు. యూఈఎఫ్ఐ వెతికే ఫోల్డరూ మూట లోపలే ఉండిపోయింది. కంప్యూటరు తనకు తెలిసిన చోట చూసి, కనబడక ముందుకు పోతుంది.

కనుక మూట విప్పి, దేని చోట దాన్ని పెట్టే ప్రోగ్రాము ఒకటి కావాలి. విండోస్ కంప్యూటరులో ఈ పనికి రూఫస్, బలీనా ఎచర్ వంటివి ఉచితంగా దొరుకుతాయి. లినక్స్ మింట్‌లో అయితే ఇది ముందే ఉంటుంది. విండోస్‌నే ఎక్కించదలచినవారికి మైక్రోసాఫ్ట్ సంస్థే ఒక ప్రోగ్రాము ఇస్తుంది. దానికి కనీసం 8 జీబీ పెన్‌డ్రైవు కావాలి.

మూట విప్పి ఫైళ్ళను మనమే ఒక్కొక్కటిగా కాపీ చేస్తే కాదా అని అడుగుతారేమో. ఒక్కోసారి అవుతుంది. కాని ఫ్యాట్ 32 అనే పద్ధతిలో ఒక ఫైలు 4,29,49,67,295 బైట్లకు మించకూడదు. ఫైలు పరిమాణం రాసుకోవడానికి అందులో 32 బిట్ల చోటే ఉంది మరి! విండోస్ ఐఎస్ఓలో తరచు ఒక ఫైలు ఈ హద్దు దాటిపోతుంది. ఇలాంటి చిక్కులు తెలిసిన ప్రోగ్రాము చేతిలో పని పెట్టడమే మేలు.

పెన్‌డ్రైవులో ఏముంది?

పెన్‌డ్రైవులో తిరిగే చక్రాలు లేవు. ఉన్నది ఫ్లాష్ మెమొరీ అనే చిప్పు. అందులో లెక్కలేనన్ని సూక్ష్మమైన గదులున్నాయి. ప్రతి గది చుట్టూ విద్యుత్తును పోనివ్వని పలుచని పొర. కాస్త ఎక్కువ వోల్టేజితో ఎలక్ట్రాన్లను ఆ పొర దాటించి లోపలికి నెడతారు. వోల్టేజి తీసేస్తే అవి బయటికి రాలేక అక్కడే చిక్కుకుపోతాయి. ఎలక్ట్రాన్లు ఉన్న గదినీ లేని గదినీ వేరుగా గుర్తించవచ్చు. అదే 0, 1. కరెంటు లేకున్నా పెన్‌డ్రైవుకు జ్ఞాపకం ఉండడానికి కారణం ఇదే.

దీన్ని కనిపెట్టినవాడు జపానులో తోషిబా కంపెనీలో పనిచేసిన ఫుజియో మసువోకా. 1984లో ఆయన దీన్ని ప్రకటించాడు. వేలకొద్దీ గదులు ఒక్కసారిగా చెరిగిపోవడం చూసి, కెమెరా ఫ్లాష్ వెలిగినట్టుందని ఆయన సహోద్యోగి ఒకరు ఈ పేరు సూచించాడు. 2000లో అమ్మకానికి వచ్చిన తొలి పెన్‌డ్రైవులలో 8 ఎంబీ పట్టేది. అంటే 1.44 ఎంబీ ఫ్లాపీలు అయిదింటికి కాస్త ఎక్కువ. ఇప్పుడు చిన్నదని పక్కన పెట్టే 8 జీబీ పెన్‌డ్రైవు దానికి దాదాపు వెయ్యి రెట్లు!

మూలన పడిన కంప్యూటర్లు

ఇంత శ్రమ ఎందుకు అంటారా? 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే ఉచిత భద్రతా సవరణలు ఆగిపోయాయి. ఆ తర్వాత వాటిని ఇస్తున్నది ప్రత్యేకంగా నమోదు చేసుకున్నవారికే, అదీ కొంతకాలానికే. విండోస్ 11 కావాలంటే కంప్యూటరులో టీపీఎమ్ 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలని నియమం. అది లేని కంప్యూటర్లు ఎన్నో ఉన్నాయి. వాటి ప్రాసెసరు బాగానే ఉంది, తెర బాగానే ఉంది. ఆపరేటింగ్ సిస్టమ్ పాతబడింది, అంతే.

వాటిని పారేస్తే ఏమవుతుంది? ఐక్యరాజ్యసమితి నివేదిక ప్రకారం 2022 ఒక్క ఏడాదిలో ప్రపంచంలో 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగుపడింది. అందులో పద్ధతి ప్రకారం సేకరించి శుద్ధి చేసినది నాలుగో వంతు కూడా లేదు. పాత సర్క్యూట్ బోర్డుల్లో సీసం వంటి విషలోహాలుంటాయి. అవి నేలలోకీ నీటిలోకీ చేరతాయి.

లినక్స్ ఇక్కడ అక్కరకు వస్తుంది. 1991లో ఫిన్లండులోని హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుతున్న 21 ఏళ్ళ లినస్ టోర్వాల్డ్స్ దీన్ని మొదలుపెట్టాడు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, పంచుకోవచ్చు, మార్చుకోవచ్చు. లినక్స్ మింట్ అనే రకానికి 2 జీబీ ర్యామ్, 20 జీబీ డిస్కు ఉంటే నడుస్తుంది. 4 జీబీ ర్యామ్ ఉంటే హాయి. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో ఎన్నో ఏళ్ళుగా పిల్లలు లినక్స్ మీదే కంప్యూటరు నేర్చుకుంటున్నారు. మన దగ్గర హైదరాబాదులోని 'స్వేచ్ఛ' సంస్థ లినక్స్‌ను తెలుగులోకి తెచ్చింది. డెబియన్ అనే లినక్స్ రకాన్ని ఎక్కించేటప్పుడు మొదట కనిపించే భాషల జాబితాలో తెలుగు కూడా ఉంటుంది.

ఇక పనిలోకి

కనీసం 8 జీబీ పెన్‌డ్రైవు, ఇంటర్నెట్ ఉన్న మంచి కంప్యూటరు, లేపవలసిన పాత కంప్యూటరు ఉంటే చాలు. పాత కంప్యూటరు ఎవరిదో వారి అనుమతి తప్పనిసరి. బడిదైతే మాస్టారు పక్కన ఉండాలి.

మొదటి మెట్టు: దాచుకోవడం. పెన్‌డ్రైవులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి. కనుక కావలసినవి ముందే వేరే చోట దాచండి. పాత కంప్యూటరులోని ఫొటోలూ, మార్కుల జాబితాలూ, ఉత్తరాలూ కూడా వేరొక డిస్కులోకి ఎక్కించండి. ఎక్కించాక ఒకటి రెండు తెరిచి చూడండి.

రెండో మెట్టు: తెచ్చుకోవడం. ఐఎస్ఓ ఫైలును ఆ ఆపరేటింగ్ సిస్టమ్ సొంత వెబ్‌సైటు నుంచే తెచ్చుకోవాలి. ఎవరో ఇచ్చినది వద్దు.

మూడో మెట్టు: వేలిముద్ర చూడడం. ఐఎస్ఓ పక్కన 64 అక్షరాలూ అంకెలూ కలిసిన పొడుగాటి వరుస ఒకటి ఇస్తారు. దాని పేరు షా-256. ఫైలులోని అన్ని బైట్లనూ కలగలిపి లెక్కకట్టిన ఫలితమది. ఫైలులో ఒక్క బిట్ మారినా వరుస గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. మీరు తెచ్చుకున్న ఫైలుకు కూడా అదే లెక్క కట్టించి రెండు వరుసలూ ఒకటేనేమో చూడాలి. ఇది ఉత్త చాదస్తం కాదు. 2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ వెబ్‌సైటులోకే దొంగలు చొరబడ్డారు. దొంగ ప్రోగ్రాము కలిపిన ఐఎస్ఓ వైపు లింకును తిప్పారు. వేలిముద్ర సరిచూసినవారు ఇలాంటి మోసాన్ని పట్టుకోగలరు. ఆ వేలిముద్రల జాబితానే దొంగలు మార్చకుండా, దాని మీద తయారీదారులు డిజిటల్ సంతకం కూడా పెడతారు.

నాలుగో మెట్టు: రాయడం. అన్నిటికంటే జాగ్రత్త కావలసింది ఇక్కడే. ప్రోగ్రామును తెరిస్తే ఏ డిస్కు మీద రాయాలి అని అడుగుతుంది. అప్పుడు వేరే పెన్‌డ్రైవులూ బయటి హార్డ్ డిస్కులూ ఏవీ తగిలించి ఉండకూడదు. డిస్కు పరిమాణం చూసి గుర్తుపట్టండి. 16 జీబీ అని కొన్నది విండోస్‌లో 14.9 జీబీగా కనబడుతుంది. మోసమేమీ లేదు. తయారుచేసేవాళ్ళు జీబీ అంటే 100 కోట్ల బైట్లు అంటారు. విండోస్ 1,07,37,41,824 బైట్లు అంటుంది. అదే తేడా.

తప్పు డిస్కును ఎంచితే? మామూలుగా చెరిపిన ఫైలును ఒక్కోసారి వెనక్కి తేవచ్చు. ఎందుకంటే ఫైలు పేరును మాత్రం కొట్టేసి, లోపలి సమాచారాన్ని అలాగే వదిలేసి ఉండవచ్చు. కాని ఇక్కడ పాతదాని మీద కొత్తది రాస్తున్నాం. పలక తుడిచి వేరే లెక్క చేశాక పాత లెక్క కనబడుతుందా? కనబడదు. అందుకే మీట నొక్కే ముందు మరొకరిని పిలిచి చూపించండి. రెండు జతల కళ్ళు మంచివి.

అయిదో మెట్టు: తీయడం. రాయడం అయిపోయిందనగానే పెన్‌డ్రైవును లాగేయకండి. కంప్యూటరు కొంత సమాచారాన్ని ర్యామ్‌లో ఉంచుకుని తీరిగ్గా రాస్తుంది. 'సురక్షితంగా తీయి' అనే ఆజ్ఞ ఇచ్చి, సరేనన్నాకే తీయండి.

ఆరో మెట్టు: లేపడం. పెన్‌డ్రైవును పాత కంప్యూటరుకు తగిలించి మీట నొక్కండి. తెర మీద కంపెనీ పేరు కనబడుతుండగానే ఎఫ్12, ఎఫ్9, ఎఫ్8, ఎస్కేప్ మీటల్లో ఏదో ఒకటి పదేపదే నొక్కాలి. ఏది అన్నది తయారీని బట్టి ఉంటుంది. తరచు తెర అడుగున రాసి ఉంటుంది. అప్పుడు దేనితో లేవాలి అని కంప్యూటరే అడుగుతుంది. పెన్‌డ్రైవును చూపించండి.

ఏడో మెట్టు: పరీక్ష. లినక్స్ మింట్ వంటివి డిస్కును ముట్టుకోకుండా పెన్‌డ్రైవు నుంచే ర్యామ్‌లోకి వచ్చి పూర్తిగా పనిచేస్తాయి. తెర, శబ్దం, కీబోర్డు, వైఫై అన్నీ సరిగా ఉన్నాయో చూసుకోండి. నచ్చకపోతే ఆపేసి పెన్‌డ్రైవు తీసేయండి. డిస్కులో ఏమీ మారలేదు.

ఎనిమిదో మెట్టు: ఎక్కించడం. ఇప్పుడు 'ఇన్‌స్టాల్' నొక్కాలి. పాతదాని పక్కనే పెట్టాలా, డిస్కంతా చెరిపి పెట్టాలా అని అడుగుతుంది. చెరిపితే పాతదంతా పోతుంది. మొదటి మెట్టు ఎందుకు చెప్పానో ఇక్కడ తెలుస్తుంది. పని మధ్యలో కరెంటు పోతే సగం రాసిన డిస్కు మిగులుతుంది. కోతల వేళ చూసుకుని మొదలుపెట్టండి. ల్యాప్‌టాప్ అయితే ఛార్జరు తగిలించే ఉంచండి.

పని అయ్యాక పెన్‌డ్రైవును విండోస్ కంప్యూటరుకు పెడితే దాని పరిమాణం తగ్గిపోయినట్టు కనబడవచ్చు. పాడైపోయిందని పారేయకండి. సర్దిన తీరు విండోస్‌కు అర్థం కాలేదు, అంతే. మళ్ళీ ఫార్మాట్ చేస్తే మామూలైపోతుంది.

తాళం ఉన్నా తెరుచుకునే తలుపు

లేపగల పెన్‌డ్రైవు ప్రాణదాత కూడా. విండోస్ చెడిపోయి ఎంతకీ లేవని కంప్యూటరును పెన్‌డ్రైవుతో లేపితే, డిస్కు బాగున్నంతవరకు అందులోని ఫైళ్ళు కనబడతాయి. వాటిని వేరే చోటికి కాపీ చేసుకోవచ్చు. ఇక పోయినట్టే అనుకున్న పెళ్ళి ఫొటోలు ఇలా దక్కుతాయి.

ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. విండోస్‌కు పాస్‌వర్డు ఉంది కదా? అది అడ్డుపడలేదేం? పాస్‌వర్డు అడిగేది విండోస్. మనం విండోస్‌ను లేపనే లేదు! కాపలావాడు నిద్రపోతుండగా మరో తలుపు నుంచి లోపలికి వెళ్ళాం. అంటే మంచివారికి దారి ఇచ్చిన తలుపే చెడ్డవారికీ ఇస్తుంది. అందుకే ముఖ్యమైన కంప్యూటర్లలో డిస్కు మీద ఉన్నదంతా సంకేతాలుగా మార్చి రాస్తారు. తాళం లేనివారు చదివినా అర్థం కాదు. మీ ఇంటి కంప్యూటరులో ఆ ఏర్పాటు ఉంటే, దాని తాళపు సంఖ్యను కాగితం మీద రాసి దాచాకే పైపనులు మొదలుపెట్టండి.

బూట్ గొలుసులో మొదటి లంకె మీద దొంగల కన్ను ఎప్పటినుంచో ఉంది. ఐబీఎం పర్సనల్ కంప్యూటర్లలో వ్యాపించిన తొలి వైరసు 'బ్రెయిన్' 1986లో లాహోరులో పుట్టింది. రాసినది ఇద్దరు అన్నదమ్ములు. అది కూర్చున్నది ఎక్కడనుకున్నారు? ఫ్లాపీ మొదటి సెక్టరులోనే! అక్కడ కూర్చుంటే ఆపరేటింగ్ సిస్టమ్ కంటే ముందే మెమొరీలోకి చేరవచ్చు. అందుకే ఇప్పటి యూఈఎఫ్ఐలో 'సెక్యూర్ బూట్' అనే కాపలా ఉంటుంది. మొదటి ఫైలు మీద నమ్మదగినవారి డిజిటల్ సంతకం ఉంటేనే నడవనిస్తుంది. అయినా సరే, దారిలో దొరికిన పెన్‌డ్రైవును కంప్యూటరుకు పెట్టకండి.

చేసి చూడండి

ఏ ప్రమాదమూ లేని ప్రయోగం ఒకటి. ఒక చిన్న ఫైలులో మీ పేరు రాసి దాచండి. సెవెన్ జిప్ వంటి ఉచిత ప్రోగ్రాముతో దాని షా-256 లెక్కకట్టించి కాగితం మీద రాసుకోండి. ఇప్పుడు పేరు చివర ఒక్క చుక్క పెట్టి దాచి మళ్ళీ లెక్కకట్టండి. 64 స్థానాల్లో ఎన్ని మారాయో లెక్కపెట్టండి. ఆ చుక్క తీసేసి మూడోసారి చేయండి. ఏమవుతుందో ముందుగా ఊహించి రాసుకున్నాకే చేయాలి సుమా!

తర్వాత మీ బడిలో మూలన పడిన కంప్యూటర్లు ఎన్నో, వాటిలో ఎంత ర్యామ్ ఉందో, డిస్కు ఎంతో, 64 బిట్లవేనా కాదా అన్నది ఒక పట్టికగా రాసి మాస్టారికి చూపించండి. వాటిలో ఎన్ని నిజంగా పాడయ్యాయో, ఎన్ని లేపేవారు లేక నిద్రపోతున్నాయో అప్పుడు తెలుస్తుంది.